రెండు కేబీల పాస్‌బుక్

పాస్‌బుక్ ఫోటో ఎప్పుడూ రెండు కేబీలుండదు. ఎంత పాత ఫోనుతో, ఎంత మసక వెలుతురులో తీసినా ఎనిమిది వందలకు తగ్గదు. మంచి ఫోనైతే రెండు ఎంబీ. ఎమ్మిగనూరు బస్టాండులో కిటికీ పక్క సీటు పట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రోజూ చేసినట్టే ఫోను తెరిచి, నిన్న సాయంత్రం నుంచి మా మండీ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్న రైతుల జాబితాను కిందికి జరుపుతున్నాను. ఇరవై మూడో వరుస దగ్గర వేలు ఆగింది. పేరుండాల్సిన చోట ఏవో మూడు అక్షరాలు, ఊరుండాల్సిన చోట ఒక చుక్క, ఫోను నంబరు చోట పది తొమ్మిదులు. పాస్‌బుక్ ఫోటో కనిపించాల్సిన చోట తెల్ల డబ్బా. సైజు రెండు కేబీలు. వచ్చిన సమయం పొద్దున ఆరూ నలభై. ఫైలు పేరు పాస్‌బుక్ అనే ఉంది గానీ, చుక్క తర్వాత ఫోటోలకు ఉండే అక్షరాలు లేవు. పీ, హెచ్, పీ ఉన్నాయి. బస్సు కదిలింది. ఎనిమిదీ పది. ఆదోని చేరడానికి గంట.

ఫోటో వస్తే సర్వర్ దాన్ని దాచిపెడుతుంది, అంతే. ఈ అక్షరాలతో వచ్చింది దాచిపెట్టే వస్తువు కాదు, ఆజ్ఞలు రాసిన చీటీ. పంపినవాడు ఎక్కడో కూర్చుని ఆ చీటీ అడ్రసు బ్రౌజరులో కొడితే చాలు, మా సర్వరే దాన్ని చదివి, చెప్పిన పని చేసిపెడుతుంది. ఫలానా ఫోల్డరు చూపించు అంటే చూపిస్తుంది. ఉన్నవన్నీ మూటగట్టి ఇవ్వు అంటే మూటగడుతుంది. ఆ ఫోల్డరులో పదకొండు వందల నలభై మంది రైతుల పొలం పాస్‌బుక్కులున్నాయి, ఆధార్ కార్డులున్నాయి, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలున్నాయి. వాటితో ఎవరి పేరు మీదనైనా సిమ్ కార్డు తీసుకోవచ్చు, ఎవరికైనా బ్యాంకు వాళ్ళమని ఫోను చేసి నమ్మించవచ్చు. చీటీ లోపలికి వచ్చి గంటన్నర అయింది. చదివించాడా? ఇంకా లేదా? పేజీ మళ్ళీ తెరవబోతే చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ లేదు.

"ఏం పాపా, అట్ల గుచ్చి గుచ్చి సూస్తాండావు? ఈడ రాదు. కోటేకల్ దాటల్ల." పక్క సీటులోని పెద్దాయన. తలకు ఎర్ర తువ్వాలు, చేతిలో టిఫిన్ డబ్బా. "యాడ పని?"

"ఆదోనిలో అప్పా. తిమ్మయ్య శెట్టి మండీలో."

"ఓ, ఫోన్లో వంతు నంబర్లిచ్చే మండీనా! మా కోడలు వేసిచ్చింది నాకు. ఎనిమిది వందల పన్నెండు. దుర్గప్ప అని కొట్టి సూడు, నా మొగం వస్తాది. పత్తి నిన్ననే బొలెరోలో పోయింది, దానెనక నేను దొర మాదిరి బస్సులో పోతాండా. ముందైతే పత్తి మూటల మింద పండుకోని, దుమ్ము తింటా పోతాంటిమి, గేటు ముందర రెండు దినాలు కాసుకోనుంటిమి." నవ్వాడు. ఎనిమిది వందల పన్నెండు. ఆ నంబరు వెనకాల ఈయన ఆధార్ కార్డు ఉంది, అందులో ఈ తువ్వాలు లేకుండా, కళ్ళు పెద్దవి చేసుకుని కెమెరాకు భయపడుతున్న ముఖం ఉంటుంది.

సర్వరును ఏది పడితే అది తీసుకోమన్నదెవరు? నేనే. ఎవరూ దొంగచాటుగా చేయలేదు, వైరస్సు వచ్చి చేయలేదు. సెప్టెంబరు ఆఖర్లో, కొత్త పత్తి దిగుతున్న వారం, ఒక మధ్యాహ్నం అంగడి ముందు బల్ల దగ్గర కూర్చుని ఈ చేతులతోనే చేశాను. అంతకు ముందు సైటు నాలుగే రకాల ఫైళ్ళు తీసుకునేది. రైతుల ఫోన్లేమో నలభై రకాలు. ఒకరి ఫోను ఫోటోను వింత రకంలో దాచుకునేది, ఒకరికి ఇంటర్నెట్ సెంటరువాడు ఫోటోను ఉత్తరంలో అతికించి ఇచ్చేవాడు. సైటు అందరికీ ఒకే ఎర్ర గీత చూపించేది: ఈ ఫైలు చెల్లదు. మాదన్న అని తుగ్గలి వైపు రైతు, రెండు బస్సులు మారి వచ్చి, ఫోను నేరుగా శెట్టిగారి ముఖం ముందు పెట్టాడు. "మీ మిషను నన్ను పో అంటాంది శెట్టీ." తిమ్మయ్య శెట్టి పరుపు మీద నుంచి లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అంత గబుక్కున లేవడం నేనెప్పుడూ చూడలేదు. "ఎవురది, మన అంగడిలో రైతును పో అనేది?"

ఎవరది అంటే నేనే. ఆయన తిట్టలేదు. కూర్చోబెట్టి వాళ్ళ నాయన కాలం సంగతి చెప్పాడు. సరుకు బాగలేదని ఒక బండిని వాకిట్లోంచే తిప్పి పంపారట. ఇంకో మండీ వెతుక్కుంటూ పోతుంటే దారిలో వాన, పత్తంతా బురదలో కలిసింది. ఆ రైతు మళ్ళీ ఆదోని ముఖం చూడలేదు. ఆ సంవత్సరం నుంచి ఈ మండీకి వచ్చిన బండిని వచ్చినట్టే దించుకోవాలి, ఏ బండినీ తిప్పకూడదు, అది కట్టుబాటు. "ముందు దించుకోల్లమ్మా. ఎట్లాంటిదైనా దించుకోల్ల." ఆ మాట నాకెంత నచ్చిందో. మా అమ్మ సువార్తమ్మ ఇప్పటికీ కూలికి పత్తి తీస్తుంది. బడి లేని రోజుల్లో నేనూ తీశాను, ఎండిన కాయ మొనలు గోళ్ళ పక్కన గుచ్చుకుని వారం మంట పుట్టేది. పత్తి పండించినవాడిని పో అనని చోటు ఒకటుందని, అక్కడ నేను పని చేస్తున్నానని అనిపించింది. బల్ల దగ్గరికి పోయి ఆ ఒక్క వరుస తీసేశాను. ప్రోగ్రాములో ఆ నాలుగు రకాల ఫైళ్ళ పేర్లున్న వరుస. మాదన్న కాగితం గుటుక్కున లోపలికి పోయింది. మాదన్న నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ వరుస తీసేస్తే ఇంకేం చేయాలో నాకు తెలుసు. వచ్చిన ఫైళ్ళను సర్వర్ ఏ ఆజ్ఞా పాటించని వేరే చోట పెట్టాలి. పేర్లు మార్చాలి. పేరు చూసి నమ్మకుండా లోపల నిజంగా బొమ్మ ఉందో లేదో చూడాలి. రేపు చేద్దామనుకున్నాను. మర్నాడు తూకం చీటీలు అచ్చు కాలేదు, ఆ మర్నాడు ఇంకోటి. పత్తి సీజనులో రేపనేది ఉండదు. ఎనిమిది వారాలు గడిచిపోయాయి.

కోటేకల్ దాటింది. ఫోను మూలలో గీతలు ఒకటి, రెండు, మూడు. చక్రం ఆగి పేజీ తెరుచుకుంది. నా ఫోనులో కనిపించేది జాబితా, సర్వర్ రాసుకునే చిట్టా, ఒక డిలీట్ బటన్, అంతే. సర్వర్‌ను ఆపే అధికారం ఫోనుకు నేనివ్వలేదు. బస్సులో ఎక్కడైనా పోగొట్టుకుంటే కష్టమని. అంత జాగ్రత్తపరురాలిని మరి. చిట్టా చదివాను. ఆరూ నలభైకి ఫైలు వచ్చింది. ఆరూ నలభై ఒకటికి ఎవరో దాన్ని తెరిచారు. ఆరూ నలభై మూడుకు ఇంకోసారి. ఆ తర్వాత ఏమీ లేదు. ఇట్లాంటివాళ్ళు ఊళ్ళన్నీ తిరిగి తలుపులు నెట్టి చూసుకుంటూ పోతారు. తెరుచుకున్న తలుపు గుర్తుపెట్టుకుని తీరిగ్గా వస్తారు. తీరిక ఎప్పుడు దొరుకుతుందో వాడికే తెలియాలి. కిందికి జరిపాను. అర్ధరాత్రి నుంచి ఇప్పటిదాకా సర్వర్ నుంచి బయటికి పోయింది నలభై ఒక్క ఎంబీ. రైతుల కాగితాలన్నీ కలిపి ఆరు జీబీల పైనే. ఒక్కొక్కరివి అయిదారు ఎంబీలు. నలభై ఒకటి అంటే, మహా అయితే ఏడుగురివి. మూట మొత్తం ఇంకా గడప దాటలేదు. ఆ అంకెను మూడుసార్లు చదివాను. కిటికీలోంచి గాలి అప్పుడే మొదలైనట్టు తగిలింది. అటూ ఇటూ తెల్లబడ్డ చేలు, వాటిలో వంగిన నడుములు, రంగురంగుల చీరలు. ఇంకా దాటలేదు. ఇంకా సమయం ఉంది.

రాఘవ్‌కు చేశాను. శెట్టిగారి మనవడు, సైటు బాధ్యత అతనిదే, నన్ను పనిలో పెట్టిందీ అతనే. జిన్నింగు మిషను సామాన్ల కోసం బళ్ళారి పోయి ఉన్నాడు. అంతా విన్నాడు. "డిలీట్ కొట్టు నందినీ. కొట్టేసి వదిలెయ్. తాతకి మాత్రం సెప్పొద్దు. ఆయనకు తెలిసిందంటే ఆ సర్వరు డబ్బా ఎత్తి వీధిలో పారేస్తాడు, దాని మింద నన్నూ నిన్నూ. మళ్ళా గేటు ముందర లైన్లే." నేనేమీ అనకముందే, "నీ మంచికే సెప్తాండా. తీసేసిన వరుస ఎవురు తీసేసినారని అడిగితే ఏం సెప్తావు?" అన్నాడు.

డిలీట్ బటన్ ఎర్రగా, వేలి కింద. నొక్కితే ఇరవై మూడో వరుస మాయం. ఎవరికీ తెలియదు. పక్కన దుర్గప్ప కిటికీ అంచు మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఎమ్మిగనూరులో మొబైల్ అంగడిలో స్క్రీను గార్డులు అతికించాలి, మళ్ళీ. అమ్మ చేలో పక్క సాలు మనిషికి చెబుతుందట, మా నందిని నంబరు ఇయ్యంది ఆదోనిలో పత్తి దిగదు అని. అమ్మా, అట్లా చెప్పొద్దే అంటే, నిజమే కదే అంటుంది. నొక్కితే ఆ మాట నిలుస్తుంది. కానీ నొక్కితే పోయేది ఆ చీటీ ఒక్కటే. రెండు సార్లు తెరిచిన మనిషి ఆ రెండు నిమిషాల్లో ఇంకో చీటీ ఏ మూల దోపి పోయాడో? లోపల చెయ్యి పెట్టినవాడి వేలిముద్ర మీద నేనే గుడ్డ వేసి తుడిచినట్టవుతుంది. తలుపు మాత్రం అట్లాగే తెరుచుకుని ఉంటుంది. ఆ ఏడుగురు ఎవరో, వాళ్ళకు రేపు ఎవడు ఫోను చేసి ఏ పేరు పెట్టి పిలుస్తాడో. దుర్గప్ప అయితే? కోడలు పొలంలో ఉన్నప్పుడు ఫోను ఎత్తి, నంబరు సెప్పాల్నా నాయనా, సెప్తా ఉండు, అంటాడు. ఇంత నమ్మకంగా నిద్రపోతున్న మనిషి అదే అంటాడు.

సర్వర్ ఎక్కడో అమెరికాలోనో బొంబాయిలోనో లేదు. మన సరుకు మన గోడౌనులోనే ఉండల్ల అని శెట్టిగారు పట్టుబట్టి అంగడి వెనక దేవుడి గదిలో పెట్టించాడు, పటాల కింద, చల్లగా ఉంటుందని. ఆ గదిలోకి నేనెప్పుడూ పోలేదు. నన్నెవరూ వద్దనలేదు. నేనూ అడగలేదు. బయట బల్ల దగ్గరి నుంచే అంతా నడిపాను, డబ్బా వెనక ఏ వైరు ఏదో రాఘవ్ పంపిన ఫోటోలో చూసిందే. ఇప్పుడు ఆ గదిలోకి పోగలిగింది శెట్టిగారి ఇంట్లోవాళ్ళే. అంగడి నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది.

"ఎవురు?" కన్యకమ్మ, శెట్టిగారి భార్య.

"నేనమ్మా, నందినిని. శెట్టిగారుండారా?"

"మార్కెట్ యార్డుకు పోయినాడు. ఫోను ఈడే పడేసి పోయినాడు, రోజూ ఉండే కతే. ఏం, ఈ పొద్దు రావా? జొరమా?"

"వస్తాండానమ్మా, బస్సులో ఉండా. మీరు దేవుని గదిలోకి పోయి ఒక పని చేయల్ల. ఆడ కంప్యూటరుంది కదా, దానెనకాల..."

"అవన్నీ నాకేం తెలుసు! రాఘవునికి సెప్పు."

"టైము లేదమ్మా. రెండు వైర్లుంటాయి, నల్లదొకటి, నీలందొకటి. నీలంది పీకండి. నల్లది ముట్టుకోవద్దు."

"పీకితే?"

"సైటు ఆగిపోతాది."

"సీజన్లో ఆపుతావా? ఆయనొచ్చి నన్ను పీకుతాడు."

బస్సు ఎవరికోసమో ఆగింది. ఇంజను చప్పుడు తగ్గింది. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రైతుల కాగితాలన్నీ దాంట్లోనే ఉండాయమ్మా. దొంగ లోపలికి వచ్చినాడు. వాడు రానీకి దోవ తీసి పెట్టింది నేనే. పొరపాటు నాదే." దుర్గప్ప కళ్ళు తెరిచాడు. ముందు సీటులో ఇద్దరు వెనక్కి తిరిగారు. తిరగనీ. ఫోనులో చెప్పుల్లేని పాదాల చప్పుడు, తలుపు గొళ్ళెం, గంట ఎక్కడో తగిలి మోగడం.

"ఈడ మూడుండాయి కదే."

"పటాల చుట్టూ లైట్లదమ్మా ఒకటి. నీలంది సూడండి."

"నీలమేడిది? నల్లవి రెండు, పచ్చదొకటి... ఉండు. పసుపంటింది దీనికి. తుడిస్తే... ఆ, నీలమే. గట్టిగుండాది."

"చివర చిన్న నాలుక మాదిరి ఉంటాది, నొక్కి లాగండి."

ఆమె ఏదో దేవుడి పేరు గట్టిగా అనుకుంది. టక్కుమని చప్పుడు. నేను పేజీ మళ్ళీ తెరిచాను. చక్రం తిరిగింది, తిరిగింది, తెల్లగా నిలిచింది. సైటు అందుబాటులో లేదు. పద్నాలుగు నెలలుగా ఆ మాట కనిపిస్తే గుండె జారేది. ఈరోజు దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాను. "పీకినారమ్మా. అయిపోయింది."

"గది తాళమేసి చెవి కొంగుకు కట్టుకున్నా. నువ్వొచ్చేదాకా ఎవుర్నీ పోనియ్యను, రాఘవుడైనా సరే. ఆయనకు మనిషిని పంపుతా. బద్రంగా రా." పెట్టేసింది. ఆ గదిలో నా పని ఉందని ఎంత మామూలుగా అనేసింది!

ఆదోని కొండలు కనిపిస్తున్నాయి, రాళ్ళ మీద రాళ్ళు పేర్చినట్టు. తెలియని నంబరు నుంచి ఫోను. యార్డు గోల, లారీ హారను, ఆ వెనక శెట్టిగారి దగ్గు. ఎవరో హమాలీ ఫోను అడిగి తీసుకున్నట్టున్నాడు. నేను అంతా చెప్పాను, మాదన్న వచ్చిన రోజు నుంచి, నేను తీసేసిన వరుస, రేపు రేపనుకున్న ఎనిమిది వారాలు, నలభై ఒక్క ఎంబీ. రాఘవ్ అన్న మాట చెప్పలేదు. అది అతను చెప్పుకోవాలి.

"దించుకోమన్నాను," అన్నాడు శెట్టిగారు. "గోడౌన్లో కలపమన్నానా?"

ఆ మాటతో యార్డు మొత్తం కళ్ళ ముందు నిలబడింది. పద్నాలుగు నెలలు రోజూ దాని పక్కనుంచే నడిచాను. బండి వస్తుంది, ఎట్లాంటిదైనా దించుతారు, షెడ్డు కింద ఎవరి రాశి వాళ్ళకు విడిగా పోస్తారు. శెట్టిగారు పోయి, పైపై పత్తి చూడడు. మోచేతి దాకా రాశిలో చెయ్యి దూర్చి నడుమ నుంచి పిడికెడు లాగుతాడు, రెండు బొటనవేళ్ళ మధ్య పింజ సాగదీస్తాడు, తడి ఉందా అని చెంపకు ఆనిస్తాడు. రైతు ఎంత తెలిసినవాడైనా, పేరు ఎంత పెద్దదైనా సరే. అది అయ్యేదాకా ఆ రాశి ఇంకో రాశిని తాకదు. దించుకోవడం సగమే కట్టుబాటు. చెయ్యి పెట్టి చూడడం మిగతా సగం. నేను సగమే విని మురిసిపోయాను. నా సైటు బండిని బండిగా తీసుకుపోయి నేరుగా గోడౌనులో పోసింది. మరి ఇదేం పెద్ద చదువు? బయట ఒక షెడ్డు కట్టాలి, అక్కడ ఏ ఆజ్ఞా నడవకూడదు. వచ్చినదాని నడుమ చెయ్యి పెట్టాలి. బొమ్మైతే, కొత్త పేరు పెట్టి లోపలికి. కాకపోతే అక్కడే ఆగాలి, రైతును పో అనకుండా మనిషి చూసి మాట్లాడాలి. మాదన్నను తిప్పి పంపక్కర్లేదు. దొంగను లోపలికి తీసుకోనక్కర్లేదు. ఒక్క రోజు పని. బస్సులోనే మొదలుపెట్టాలని వేళ్ళు తహతహలాడాయి.

"ఏడుగురివి పోయుండొచ్చు అంటివి. ఎవురివి?"

"తెలీదప్పా."

"అట్లయితే అందరికీ సెప్పల్ల. అంగడికి కాదు, నేరుగా యార్డుకు రా. మైకుంది ఈడ. నా మాటలో ఈ కతంతా తప్పిపోతాది, నువ్వే సెప్పు."

"నా పని..."

"పని సంగతి పొద్దుగూకినాక. ముందు మైకు పట్టుకో."

బస్టాండు నుంచి యార్డు దాకా ఆటోలో దుర్గప్ప కూడా నా పక్కనే కూర్చున్నాడు. బస్సులో నేనన్నదంతా విన్నాడు. దిగేటప్పుడు నా బ్యాగు పట్టుకున్నాడు. షెడ్ల కింద తెల్లటి రాశులు, వాటి పక్కన తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్న మనుషులు, గాలిలో దూది పోగులు. వేలం పేర్లు పలికే గది మెట్ల మీద శెట్టిగారు నిలబడి ఉన్నాడు, ముంజేతికి పత్తి అంటుకుని. నా వైపు చూసి కోపం దాచుకోలేదు. పక్కకు మాత్రం జరిగాడు. మైకు చల్లగా, అనుకున్నదాని కన్నా బరువుగా ఉంది. "అన్నలారా, అక్కలారా. నా పేరు నందిని. తిమ్మయ్య శెట్టి మండీ సైటు నడిపేది నేనే. మీరు పంపిన పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు ఉన్న చోటికి ఈ పొద్దు బయటోడు ఒకడు వచ్చినాడు. వానికి దోవ ఇచ్చింది నా తప్పు. ఇప్పుడు మూసినాము. కొందరివి పోయుండొచ్చు, ఎవురివో తెలీదు. బ్యాంకు నుంచి అని ఎవురు ఫోన్ చేసినా ఒక్క నంబరు కూడా సెప్పొద్దు. మీ ఆధార్ వేలిముద్ర ఎట్ల లాక్ చేయాల్నో తెలియనోళ్ళు నా దగ్గరికి రాండి, నేనే చేసిస్తాను."

గోల ఆగిపోయింది. ఎవడో ఒకడు తిట్టాడు, గట్టిగానే. ఇంకొకడు, "తిట్టు మామా, మల్ల తిట్టు, నీ ఫోన్లో యాముంది పోయేకి, పేకాట తప్ప," అన్నాడు. నవ్వులు. నేను తిట్టు వైపే చూస్తూ నిలబడ్డాను. అది నాకు రావలసిందే. అప్పుడు మూడో షెడ్డు దగ్గర నుంచి ఒకామె లేచింది. కొంగు నడుముకు చుట్టి, చేతిలో బటన్లు అరిగిపోయిన పాత ఫోను.

"అదంతా సరే పాపా. రేపు మా తమ్మునిది పంపాల్నే, యాడికి పంపాల?"

ఆమె ఇంకా పంపాలనే అనుకుంటోంది. శెట్టిగారి వైపు చూశాను. ఆయన రాశుల వైపు చూస్తున్నాడు, నేనేం చెబుతానో తనకూ వినాలని ఉన్నట్టు.

"ఈ ఒక్క రోజు ఆగక్కా," అన్నాను మైకులో. "రేపటినుంచి ఏది వచ్చినా తీసుకుంటా. లోపల చెయ్యి పెట్టి సూసినాకే, లోపలికి పంపుతా."